మంత్రశాస్త్రము, నాటుమంత్రము – గంజాం సీమ నిదర్శనములతో ఒక పరిశీలన

గంజాం జిల్లాలో పురుషోత్తమపురమునకు చేరువను, ఋషికుల్యా తీరమున, జౌగడ అను ప్రాచీన దుర్గస్థలము కలదు. క్రీ.పూ. 3వ శతాబ్దమున అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మశాసనములు అచ్చటి బండమీద నేటికిని నిలిచియున్నవి. వానిలో తొమ్మిదవది మంగళకార్యములను గూర్చినది. జనులు రోగము వచ్చినపుడు, బిడ్డల పెండ్లిండ్లలో, సంతానము కలిగినపుడు, ప్రయాణమునకు బయలుదేరునపుడు పలువిధములైన మంగళములు జరుపుదురనియు, అందును స్త్రీలు జరుపునవి మిక్కిలి అల్పములు, నిష్ఫలములు అనియు చక్రవర్తి అందు పలికెను. మంగళములను మానుడని ఆయన చెప్పలేదు. వాని ఫలము స్వల్పమని చెప్పి, గొప్ప ఫలమిచ్చు ధర్మమంగళము వేరొకటి కలదనెను. సేవకులయెడ సరియైన నడవడి, గురుజనులయెడ భక్తి, ప్రాణులయెడ సంయమము, శ్రమణులకును బ్రాహ్మణులకును దానము, ఇవియే ఆ మంగళము.

అది జరిగి ఇరువదిరెండు శతాబ్దములు దాటినది. నేడును బరంపురము బజారులో దుకాణపు గుమ్మమునకు నిమ్మకాయయు పచ్చిమిరపకాయలును దారమునకు గ్రుచ్చి వ్రేలాడదీయుట చూడవచ్చును. అదే దుకాణములో గల్లాపెట్టె పైగోడమీద రాగిరేకు యంత్రమొకటి పటము కట్టి యుండవచ్చును. నిమ్మకాయ కట్టుటకు ఎవరి ఉపదేశమును అక్కరలేదు. యంత్రమునకు మాత్రము గురువు, ముహూర్తము, జపసంఖ్య అన్నియు కావలెనందురు. ఒకే కప్పు క్రింద నున్నను ఇవి రెండు వేరు సంప్రదాయములకు చెందినవి. వీని భేదమేమి? ఈ రెంటిని శ్రావకుడు ఏ రాతితో తూచవలెను? ఇదియే ఇచటి విచారము.

గ్రంథమార్గము

మొదటిది మంత్రశాస్త్రము. దీనికి గ్రంథము ఆధారము, గురువు ద్వారము. సాధకుడు ఎట్టివాడై యుండవలెనో శాస్త్రము ముందుగానే చెప్పును. ఇంద్రియనిగ్రహము, శుచిత్వము, ధైర్యము, గురుభక్తి లేనివాడు పనికిరాడు. పిమ్మట స్థలము, దిక్కు, ఆసనము, జపమాల, వస్త్రపు రంగు, కాలము ఇవన్నియు నిర్ణయింపబడును. బీజాక్షరములను తన అవయవములందు నిలుపుకొని సాధకుడు దేహరక్ష చేసికొనును. దీనినే జైనతంత్రములలో సకలీకరణమందురు. యంత్రమునందలి గీతలు, దళములు, అక్షరములు లెక్క తప్పరాదు. జపమునకు సంఖ్య కలదు. ఆ సంఖ్యలో పదవవంతు హోమము చేయవలెనని సామాన్యనియమము.

ఈ శాస్త్రము తన క్రియలను శాంతి, వశ్యము, స్తంభనము, విద్వేషణము, ఉచ్చాటనము, మారణము అని ఆరు తెగలుగా విభజించుట ప్రసిద్ధము. ఒకే పట్టికలో రోగిని శమింపజేయునదియు, శత్రువును చంపునదియు పక్కపక్కనే యుండుట గమనింపదగినది. కావున శాస్త్రమను పేరున్నంతమాత్రమున ఒక క్రియ నిర్దోషమైనదని తలపరాదు.

నోటిమాట మార్గము

రెండవది నాటుమంత్రము. దీనికి గ్రంథము లేదు. అమ్మమ్మ మనుమరాలికి చెప్పును, మామ అల్లునికి చెప్పును. సామగ్రి వంటయింటిలోనే దొరకును. ఉప్పు, ఎండుమిరపకాయలు, ఆవాలు బిడ్డచుట్టు మూడుమార్లు త్రిప్పి నిప్పులలో వేయుదురు. ఘాటు రాకున్నచో దిష్టి గట్టిగా తగిలినదందురు. పసుపు, సున్నము కలిపిన ఎర్రనీళ్లతో దిగదుడుచుట, వేపమండలతో విసరుట, తాయెత్తు కట్టుట అన్నియు ఇట్టివే. ఇచట ముహూర్తము లేదు. ఏడ్చు బిడ్డ ముహూర్తమునకై కాచుకొనదు గదా.

గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మద్రాసు రాజధానిలోనిది. అందుచేత తెలుగు, ఒడియా ఆచారములు ఇచట ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. తెలుగువారు భూతవైద్యుడని పిలుచువానిని ఒడియావారు గుణియా అందురు. దేవత పూని పలుకువానిని వారు కాలిసి అందురు. తెలుగు పల్లెలలో ఆ పని గణాచారిది. కొండప్రాంతమున సవరలకు ప్రత్యేకమైన పద్ధతి కలదు. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథమున గంజాం, కోరాపుట్ సవరల మతమును విపులముగా వర్ణించెను. వారి పూజారులు పితృలోకపు ఆత్మలతో మాటలాడి రోగకారణము తెలిసికొందురనియు, ఆ ఆత్మల తృప్తికై ఇంటిగోడలపై బొమ్మలు వ్రాయుదురనియు అందు తెలిపెను. ఆ సవరల ఊళ్లలో పెక్కు నేడు 1992లో వేరుపడిన గజపతి జిల్లాలో నున్నవి.

ఈ భేదము మనదేశమునకే పరిమితము కాదు. ఐరోపాలో 16వ శతాబ్దమున అగ్రిప్పా అను పండితుడు మంత్రవిద్యపై లాటిను భాషలో మూడు భాగముల గ్రంథము వ్రాయగా 1533లో అది పూర్తిగా అచ్చుపడెను. 1888లో లండనులో గోల్డెన్ డాన్ అను సంఘము దీక్షలు, మెట్లు, వేషములు, మండలములు గల మంత్రవిధిని నడపెను. అదే దేశములో పల్లెజనులు పోయిన వస్తువు జాడకును, పశువుల జబ్బునకును ఊరిలోని మంత్రగాని యొద్దకే పోవుచుండిరి. చదువు, ధనము, తీరిక ఉన్నచోట మంత్రము క్రతువగును. అవి లేనిచోట చిట్కా యగును.

గట్టు తెగిన చోట్లు

అయినను ఈ రెండు కాలువల నడుమ గట్టు గట్టిది కాదు. జైన మంత్రగ్రంథములే ఇందుకు సాక్షి. ఇంద్రనంది శక 861లో, అనగా క్రీ.శ. 939లో, రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటమున జ్వాలామాలినీకల్పమును రచించెను. జ్వాలామాలిని ఎనిమిదవ తీర్థంకరుడగు చంద్రప్రభుని యక్షి. ఈ కల్పము పుట్టుకను గూర్చిన కథలో, హేలాచార్యుని శిష్యురాలిని బ్రహ్మరాక్షసుడు పట్టగా, ఆమె బాధ చూడలేక ఆచార్యుడు ఆ దేవిని ఆశ్రయించెనని కలదు. పల్లెలో గుణియా యొద్దకు పరుగెత్తించు బాధయే ఇచట మహాశాస్త్రమునకు బీజమైనది.

11వ శతాబ్దమున మల్లిషేణుడు రచించిన భైరవపద్మావతీకల్పమున పది అధికారములు కలవు. మొదట సాధకలక్షణము, సకలీకరణము, దేవీపూజ చెప్పి, పిమ్మట అద్దములో చూచి జరుగబోవునది చెప్పు నిమిత్తమును, మూలికలతో వశ్యమును, చివరకు పాముకాటునకు గారుడమును చేర్చెను. పల్లెలో అంజనము వేయువాడును, విషము దింపువాడును చేయు పనులివియే. గ్రంథము వానిని ఊరినుండి ఎత్తి క్రమమున పెట్టినది. అటులే గ్రంథమునుండి జారిన బీజాక్షరములు పల్లె తాయెత్తులలో కనబడును.

బరంపురములో రెండేండ్లకొకసారి చైత్రమున జరుగు బుఢీ ఠాకురాణీ యాత్రయు ఇట్టి కూడలియే. దేవి గుడి విడిచి నేతవారి పెద్దయగు దేశిబెహెరా వీధికి పుట్టినింటికివలె వచ్చును. ఘటములు తలమీద పెట్టుకొని స్త్రీలు ఊరేగుదురు. తెలుగువారు, ఒడియావారు కలిసి ఉత్సవము చేయుదురు. మశూచి మొదలగు రోగములు రాకుండ గ్రామదేవతలను వేడుకొనుట ఈ తీరమంతట పూర్వము సామాన్యము. టీకాలవలన మశూచి భారతదేశమున 1975లో ఆగెను. 1980లో ప్రపంచమునుండి తొలగెనని ప్రకటింపబడెను. రోగము పోయినను యాత్ర నిలిచినది. దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. రోగము పోగొట్టినది టీకా. జనులను కలిపి యుంచునది యాత్ర. మొదటి పనిని రెండవదానికి అంటగట్టరాదు, రెండవ పనికై దానిని పరిహసింపనురాదు.

యశోధరుని కథలోని రెండు మంత్రములు

ఈ రెండు మార్గములను ఒకేచోట నిలిపి చూపిన కథ జైనవాఙ్మయమున కలదు. సోమదేవసూరి తన యశస్తిలకమును శక 881లో, అనగా క్రీ.శ. 959లో, వేములవాడ చాళుక్యుల ఏలుబడిలోని గంగాధారలో ముగించెను. అది నేటి కరీంనగర్ జిల్లాలోని గంగాధరయని పండితుల అభిప్రాయము. ఆ సమీపముననే కురిక్యాల వద్ద బొమ్మలగుట్టమీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన జినబింబములు, చక్రేశ్వరీమూర్తి, తెలుగు కందపద్యములు గల శాసనము ఉన్నవి. కావున ఈ కథ తెలుగునాట ముగింపబడిన కథయే.

మారిదత్తుడను రాజునకు ఒక కౌలాచార్యుడు బోధించెను. సర్వప్రాణుల జంటలను చండమారిదేవికి బలియిచ్చినచో విద్యాధరులను గెలువగల ఖడ్గము లభించునని ఆశ పెట్టెను. ఇది గురువు, విధి, సిద్ధి గల గ్రంథమార్గము. మానవుల జంటగా తెచ్చిన అభయరుచి, అభయమతి అను బాలతపస్వులు రాజునకు తమ పూర్వజన్మ కథను చెప్పిరి. ఆ జన్మమున అభయరుచి యశోధరుడను రాజు, అభయమతి అతని తల్లి చంద్రమతి. కొడుకు తనకు చెడ్డ కల వచ్చినదని చెప్పగా తల్లి భయపడి దేవికి జంతుబలి ఇమ్మనెను. కొడుకు ఒప్పుకొనలేదు. తుదకు పిండితో కోడిని చేసి బలియిచ్చుటకు ఇద్దరును సమాధానపడిరి. ఇది ఇంటిలోని నాటుమంత్రము. కొడుకుపై ప్రేమయే దీనికి మూలము. ప్రాణమొక్కటియు పోలేదు. అయినను చంపవలెనను సంకల్పముతో కత్తి ఎత్తినందున తల్లీకొడుకులు నెమలియై, కుక్కయై, మరి పెక్కు జంతువులై జన్మలెత్తిరని కథ. అది విని మారిదత్తుడు బలి మానెను.

కథాకారుడు ఇచట రాజుగారి విధిని ఒక తూనికతోను, ముసలితల్లి చిట్కాను మరియొక తూనికతోను తూచలేదు. రెంటికి రాయి ఒకటే. అది సంకల్పము. పిండికోడి చిన్నదని తప్పించలేదు, మహాక్రతువు గొప్పదని మన్నింపనులేదు.

శాస్త్రము పెట్టిన హద్దు

సమంతభద్రస్వామి రత్నకరండ శ్రావకాచారమున మూడు మూఢతలను చెప్పెను. నదీస్నానము, ఇసుక రాళ్లు కుప్పపోయుట మొదలైనవానిని ధర్మమనుకొనుట లోకమూఢత. వరములకాశపడి రాగద్వేషములు గల దేవతలను కొలుచుట దేవమూఢత. పరిగ్రహము, హింస విడువని వేషధారులను గౌరవించుట గురుమూఢత. మొదటిది సాధారణముగా పల్లెవారికి చెప్పినట్లు తోచును. కాని రెండవదియు మూడవదియు గ్రంథము పట్టినవారికే ఎక్కువగా తగులును.

శాసనదేవతల సంగతి యేమని కొందరడుగుదురు. భువనేశ్వరము చెంత ఖండగిరిమీద బారభుజి గుహలో తీర్థంకరుల పాదములచెంత వారి యక్షులు చెక్కబడియున్నారు. పైన తీర్థంకరుడు, క్రింద యక్షి. ఆ శిల్పి పెట్టిన వరుసయే సిద్ధాంతము. తీర్థంకరుడు వీతరాగుడు గనుక ఎవరికిని వరమీయడు, ఎవరినిని శపింపడు. యక్షి సంసారములోని జీవియే గనుక మోక్షమీయజాలదు. ఆమె పూజను కొన్ని సంప్రదాయములు అంగీకరించును, కొన్ని అంగీకరింపవు. అంగీకరించువారును ఆ వరుసను తారుమారు చేయరు.

మంత్రశక్తి గలవానికిని హద్దు కలదు. శ్వేతాంబర సంప్రదాయమున స్థూలభద్రుడు పది పూర్వములను నేర్చినవాడు. సోదరీమణులగు సాధ్వులు దర్శనమునకు రాగా, తన విద్యను చూపుటకై సింహరూపమున కూర్చుండెను. వారు భయపడి మరలిపోయిరి. ఈ సంగతి తెలిసి భద్రబాహుస్వామి తక్కిన నాలుగు పూర్వములు చెప్పుటకు నిరాకరించెను. బ్రతిమాలినపిదప, ఇతరులకు బోధింపరాదను నియమముతో మాత్రమే చెప్పెను. స్థూలభద్రుడు ఎవరికిని హాని చేయలేదు. ప్రదర్శనమొక్కటే తప్పు. దానికే ఇంత శిక్ష యనగా, ధనముకొరకు, వశ్యముకొరకు విద్య నమ్ముకొనువానిని గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

తప్పు తూనిక వలని చేటు

గ్రంథమార్గమున పని ఫలింపకున్నచో విధిలోపము జరిగెనందురు. నాటుమార్గమున పని ఫలింపకున్నచో ప్రయోగించినవాడు మరింత బలవంతుడందురు. రెండును ఓటమి నొప్పుకొనవు. కాని మొదటి సమాధానము మరల ఖర్చు పెట్టించును. రెండవది మనిషిని వెదకించును. ప్రయోగించినవాడెవడు అను ప్రశ్న పుట్టినప్పుడు ఊరిచూపు బలహీనునిమీదనే పడును. దిక్కులేని ముసలిది, ఒంటరివాడు, పొలము తగాదా ఉన్న పొరుగువాడు అపరాధులగుదురు.

ఇది పాతకాలపు మాట కాదు. 2019 అక్టోబరు ఆరంభమున ఈ గంజాం జిల్లాలోనే ఖల్లికోట ప్రాంతపు గోపపూర్ గ్రామములో ఆరుగురు వృద్ధులపై చేతబడి నింద మోపిరి. వారిని కొట్టి, పండ్లు ఊడబెరికి, మలము తినిపించిరి. ఊరిలో కొందరు మరణించుటయు, కొందరు జబ్బుపడుటయు అనుమానమునకు కారణము. పోలీసులు పలువురిని నిర్బంధించిరి. ఇట్టి ఘోరములను శిక్షించుటకు ఒడిశా ప్రభుత్వము 2013లోనే ప్రత్యేకచట్టము చేసియుండెను. చట్టమున్నను ఊరి భయము దానికంటె ముందు నడచినది.

పాముకాటు సంగతియు చూడవలెను. కరచు పాములలో విషము లేనివి పెక్కు. విషసర్పము కరచినను ఒక్కొక్కసారి విషము ఎక్కింపదు. అట్టివారు మంత్రించినను, మంత్రింపకున్నను బ్రతుకుదురు. ఆ కీర్తి గుణియాకు దక్కును. నాగుపాము, కట్లపాము, రక్తపింజర నిజముగా విషమెక్కించినపుడు విషమునకు విరుగుడు మందే ప్రాణము నిలుపును, గడచిన ప్రతి గడియయు నష్టమే. బరంపురములో మహారాజా కృష్ణచంద్ర గజపతి పేర వైద్యకళాశాల 1962లో ఏర్పడినది. దాని ఆసుపత్రికి పోవు త్రోవలో గుణియా యింటివద్ద ఆగిన బండి ఆలస్యముగా చేరును. తాయెత్తులతో, మంత్రకవచములతో రోగములు కుదురునని ప్రకటించుటను 1954 నాటి కేంద్రచట్టము నిషేధించినది. కావున అట్టి ప్రకటన చేయు దుకాణదారుడును బాధ్యత తప్పించుకొనలేడు.

వర్తకుని తూనిక

జైనసిద్ధాంతము కర్మను లెక్కవలె చూచును. జీవుడు తాను కట్టుకొన్న కర్మను తానే అనుభవించి, తపస్సుచేత తానే తీర్చుకొనును. వ్యాపారమున నష్టము వచ్చినపుడు పొరుగు దుకాణమువాడు ఏదో చేయించెనని అనుట, తన ఖాతాలోని బాకీని పరునిపేర వ్రాయుటయే. అట్టి చిట్టాను ఏ షావుకారును ఒప్పుకొనడు. దుకాణములో ఒప్పుకొననిదానిని ఇంటిలోమాత్రము ఎట్లొప్పుకొనవలెను?

కావున విధి గ్రంథములోనిదైనను, అమ్మమ్మ చెప్పినదైనను, శ్రావకుడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఇందు ప్రాణికి హింస కలదా, పిండికోడివంటి సంకల్పహింసయైనను కలదా? ఇందు ఇంకొకనిని దోషిగా చూపుదురా? ఇది వైద్యమును ఆలస్యము చేయునా? దీనికై పుచ్చుకొను ధనము భయమును తగ్గించుచున్నదా, పెంచుచున్నదా? ఈ నాలుగింటిలో నిలిచినది బిడ్డకు దిష్టి తీసిన తల్లి చేతి ఉప్పయినను తప్పులేదు. నిలువనిది బంగారురేకుమీది యంత్రమైనను ఇంటికి తగదు.

పిల్లలకు ఈ పాఠము చెప్పునపుడు పెద్దలు వారిని ఒకసారి జౌగడకు తీసికొనిపోవుట మంచిది. మంగళకార్యముల ఫలము స్వల్పమని అచ్చట శాసనము చెప్పుచున్నది. సేవకునియెడ నడవడియు, ప్రాణులయెడ సంయమమును గొప్ప మంగళములని అదే శాసనము చెప్పుచున్నది. స్త్రీలు చేయు మంగళములే అల్పములన్న రాజుగారి మాట మాత్రము పూర్తిగా న్యాయము కాదని కూడ పిల్లలకు చెప్పవలెను. మారిదత్తుడు పురుషుడే, అతనికి బోధించిన ఆచార్యుడును పురుషుడే. ఆ బండ చూచి తిరిగివచ్చి మరునాడు దుకాణము తెరచునపుడు, గుమ్మమున నిమ్మకాయ ఉన్నను లేకున్నను, లోపల పనిచేయు కుఱ్ఱవానికి జీతము సకాలమున ముట్టినదా అని విచారించిన గృహస్థుడు ఆనాటి మంగళమును చేసినవాడగును.